బంటుగారి కొలువు

పిల్లనిచ్చునప్పుడును తెచ్చుకొనునప్పుడును గోత్రము మొదలు ముత్తాతగారి వృత్తి వరకు తరతరముల కూపీ లాగు మనవారు, ఇంటికొక కుక్కపిల్లను తెచ్చుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము దాని వ్రేలాడు చెవులను, జాలి గొలుపు కన్నులను చూచి, అంతటితో విచారణ ముగించి ఒడిలోనికి తీసికొందురు. స్పానియలను వేటకుక్క విషయమున ఈ యుదాసీనత బొత్తిగా పనికిరాదు. ఏలయన అది పుట్టుకతోనే ఉద్యోగము గల జంతువు.

జాన్ కేయస్ అను రాజవైద్యుడు 1570లో ఇంగ్లండు కుక్కలను గూర్చి లాటిను భాషలో నొక చిన్న గ్రంథము వ్రాసి, అందు స్పానియళ్లకు స్థానము కల్పించెను. పొదలో నక్కిన పక్షిని పసిగట్టి లేపి డేగకో వలకో అప్పగించుట ఆనాటి వాని కొలువు. తరువాత తుపాకి వచ్చినది. యజమాని చేతిలోని సాధనము మారెనే కాని కుక్క పని మారలేదు. పందొమ్మిదవ శతాబ్దిలోనైతే ఒకే తల్లి యీనిన పిల్లలలో 25 పౌన్ల లోపు తూగినది కాకరనియు, అంతకు మించినది స్ప్రింగరనియు పిలువబడుచుండెను. అనగా తోబుట్టువుల నడుమ జాతిని నిర్ణయించునది భోజనమే. కెన్నెల్ క్లబ్బువారు 1902లో స్ప్రింగరును ప్రత్యేక జాతిగా నంగీకరించుటతో గాని ఈ యన్నదమ్ముల పంపకములు తేలలేదు.

మేముండునది యార్క్‌షైరులో. ఆరునెలలు నిండని కుక్కపిల్లలను మధ్యవర్తులు అమ్మరాదనియు, కొనువారు పిల్లను దాని పుట్టినచోటనే తల్లితో కూడ చూడవలెననియు ఇంగ్లండులో 2020 నుండి శాసనముండుటచే, మేము సకుటుంబముగా కాకరు పిల్లలను చూచుటకై యొక పల్లెకు పోయితిమి. అక్కడ చూపులకు వచ్చినది మేమో, మమ్ము చూచుటకు వారు కూర్చున్నారో తెలియలేదు. ఆ యింటి యిల్లాలు తేనీరిచ్చి, మీ పెరడెంత, ప్రహరి యెత్తెంత, పగటిపూట ఇంట నెవరుందురు, వానలో నడచు నలవాటు గలదా యని మా పుట్టుపూర్వోత్తరములన్నియు రాబట్టెను. పిదప తన వంతుగా, వంశపారంపర్యముగా కంటిచూపును హరించు వ్యాధియు, మూత్రపిండముల వ్యాధియు తల్లిదండ్రులకు లేవని తెలుపు జన్యుపరీక్షల పత్రములను బల్లపై పరచెను. మా యావిడ నా చెవిలో, "ఏమండీ, రేపు మన అమ్మాయి సంబంధానికైనా ఇన్ని కాగితాలు చూస్తామంటారా?" అని యడిగెను.

కాకరులలో రెండు శాఖలు గలవు. ప్రదర్శనశాఖకు గుండ్రని తల, నేలను తాకజూచు చెవులు, దట్టమైన వెండ్రుకలు. పనిశాఖకు తేలికైన దేహము, కొంత పొట్టి చెవులు, అలుపెరుగని కాళ్లు. నా చూపు మొదటి శాఖపై నుండెను. అంతలో రెండవ శాఖకు చెందిన యొక గోధుమవన్నె పిల్లవాడు మా అమ్మాయి చేతి తొడుగును నోట కరచుకొని పోయి, గదియంతయు ఒకసారి చుట్టి, తిరిగి దానినామె పాదములకడ నుంచి కూర్చుండెను. "నాన్నా, వీడే!" అన్నది మా పిల్ల. ఇంటికి వచ్చులోపలనే వానికి బంటు అని పేరు కూడ పెట్టబడెను.

చెవి యీ జాతికి అలంకారమును, ఆపదయును. క్రిందికి వ్రేలాడుటచే గాలి చొరదు. గాలి చొరనిచోట తడి యారదు. తడి యారనిచోట చీము పట్టును. ప్రతి యాదివారము వాని తలను మోకాళ్ల నడుమ నుంచుకొని, చెవిని తిరగవేసి, మందునీరు పోసి, చెవి మొదట మెల్లగా నలిపినచో లోపల చపచపమని శబ్దమగును; నేను దూది నందుకొనులోపల వాడొక్కమారు తల విదిలించును; లోపలి గుబిలి యంతయు నా కళ్లజోడుపై చుక్కలుగా వెలయును. వేసవిలో గడ్డిగింజల బెడద వేరు. గింజ మొన ముందుకే గాని వెనుకకు నడవదు; కాలివ్రేళ్ల సందున దూరిన గింజ చర్మము క్రింద ప్రయాణము సాగించి, చివరకు పశువైద్యుని కత్తికి గాని లొంగదు. ఇంగ్లండు చలిలోనే యిట్లుండగా, హైదరాబాదు అపార్టుమెంట్లలో కాకరును పెంచువారి వానకాలపు పాట్లు చెప్పనలవి కాదు.

ఆహార విషయమున మా వంటింటికిని బంటునకును పొత్తు కుదరలేదు. ఉల్లి, వెల్లుల్లి వాని రక్తమునందలి యెర్రకణములను చెరచును. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండములను దెబ్బతీయును. తెనాలి నుండి వచ్చిన మా అత్తగారికి ఈ నిషేధముల పట్టిక చదివి వినిపించితిని. ఆమె సాంతము విని, "ఉల్లి ముట్టడు, వెల్లుల్లి ముట్టడు. మడి కట్టుకున్న మా అత్తగారికి కూడా ఇంత నిష్ఠ లేదు బాబూ!" అని, నాటినుండి వానికి తాలింపు లేని పెరుగన్నము ఒక ముద్ద ప్రత్యేకముగా తీసియుంచసాగెను. ఆ గౌరవము నాకింతవరకు దక్కలేదు.

వానికి నేర్పుటకై బర్మింగ్‌హామువారి ఆక్మే ఈలను కొంటిమి. స్పానియళ్లకు 210½ అను సంఖ్య గలది వాడుక. ఒక్క దీర్ఘనాదమునకు కూర్చుండవలెను. పక్షి యెగిరినప్పుడు ఈల లేకయే కూర్చుండవలెను. లేనిచో తుపాకి గుండునకు అడ్డము వచ్చును. మార్చి 1 నుండి జూలై 31 వరకు, పక్షులు నేలపై గూళ్లు పెట్టు కాలమగుటచే, ఊరిబయటి బీళ్లలో రెండు మీటర్లకు మించని పగ్గముతోనే నడిపింపవలెను. కావున ఆ నెలలలో వాడును నేనును ఒకరినొకరము ఈడ్చుకొని పోవుదుము. మిగిలిన కాలమున వాడు గాలికెదురుగా ఎడమకు కుడికి వంకరలు తిరుగుచు పొదపొదకును విచారణ జరుపును. ఒకనాడు కంచెక్రింది నుండి రంగురంగుల ఫెజెంటు కోడి యొకటి దిక్కులు పిక్కటిల్ల నరచుచు లేచెను. బంటు తటాలున కూర్చుండెను. ఎగిరిన పక్షిని చూచెను, నన్ను చూచెను, మరల పక్షిని చూచెను. అది నిరాటంకముగా చెట్లు దాటి పోయెను. తాత ముత్తాతల నాటినుండి తమ వంతు పని తాము చేయగా అవతలివాడు తన వంతు చేయకపోవుట వాని యనుభవములో లేదు కాబోలు, ఇంటికి వచ్చు దారి పొడవునను వాడు నా ముఖము చూడలేదు. శాకాహారపు టింట పుట్టి, దీపావళి టపాకాయకే చెవులు మూసికొను నేను వానికేమని సంజాయిషీ చెప్పుకొందును?

బయట ఫలింపని విద్య ఇంట ఫలించెను. తెలుగువారి యిల్లనగా వాకిట చెప్పుల గుట్ట. దానికి మించిన అరణ్యము స్పానియలునకు ఏది? పోయిన శ్రావణమున మా యింట సత్యనారాయణ వ్రతము జరుగుచుండ, మూడవ కథలో సాధువర్తకుడు కష్టముల పాలగు ఘట్టమున, బంటు జనుల నడుమగా వంకర నడకలతో వచ్చి, మిత్రుడైన యొక డాక్టరుగారి తోలుబూటును మా యావిడ యొడిలో, పసుపుకుంకుమల పళ్లెము ప్రక్కన, దించి కూర్చుండెను. పంటిగాటు ఒక్కటియు లేదు. వేటలో పిట్టను ఈక నలగకుండ తెచ్చు నోరది. పురోహితుడు కథ నాపెను. మా అత్తగారు, "కానివ్వండి పంతులుగారూ, ఇంకొకటి మిగిలే ఉంది," అనిరి. అన్నంతయు అయ్యెను, జత పూర్తియైన పిదపనే వాడు పడుకొనెను.

ఇప్పుడు మా యింటికి వచ్చువారిలో అనుభవజ్ఞులు చెప్పులను కారులోనే విడిచి, తడి గచ్చుపై మునివ్రేళ్లతో నడచి వచ్చుచున్నారు. డాక్టరుగారు మాత్రము తమ బూట్లను ప్లాస్టిక్ సంచిలో వైచి ముడివేసి, ప్రసాదము తినునంతసేపును ఒడిలోనే పెట్టుకొందురు. బంటు వారి యెదుట కూర్చుండి, సంచి యెప్పుడెగురునా యని రెప్ప వాల్పక చూచుచుండును.