హుక్కులొక్కటే మిగిలాయి

దర్జీలు అబద్ధాలాడతారన్నది లోకమెరిగిన సత్యం. "అయిపోయిందండీ, హుక్కులొక్కటే మిగిలాయి" అని నేను ఫోన్లో అన్నానంటే మీ జాకెట్టు గుడ్డ ఇంకా మడతైనా విప్పలేదని అర్థం. లెస్టర్‌లో నా దగ్గర కుట్టించుకునే తెలుగు ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ "సరేలెండి, శుక్రవారానికి ఇచ్చేయండి" అంటారు. వాళ్లకూ నాకూ మధ్య అదొక మర్యాద. చిక్కల్లా ఏమిటంటే, ఈ మర్యాద బ్రిటిష్ ప్రభుత్వానికి తెలియదు.

నా కథ క్లుప్తంగా చెప్తాను. మొగుడూ పెళ్లాం ఇద్దరం వచ్చాం, ఐఎల్‌ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది, ఆ తర్వాత ఆయన నన్ను వదిలి వెళ్లారు. ఇందులో వరస ముఖ్యం. ఐఎల్‌ఆర్ రాకముందు వీసా మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదని రాసి ఉంటుంది. అప్పుడే వెళ్లి ఉంటే నా గతి ఏమయ్యేదో! ఆ ఒక్క విషయంలో ఆయన టైమింగుకు నేను రుణపడి ఉన్నాను. మిగిలింది నేను, ఎనిమిదేళ్ల కూతురు, ఒక కుట్టుమిషను, యూనివర్సల్ క్రెడిట్.

యూనివర్సల్ క్రెడిట్ అంటే ఆదాయం చాలనివాళ్లకు ఇక్కడి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం. 2012లో చట్టమై, 2013లో మొదలైంది. అంతకుముందున్న ఆరు రకాల సాయాలను ఇందులో కలిపేశారు. వాటిలో ఒకటైన వర్కింగ్ టాక్స్ క్రెడిట్‌కు ఒంటరి తల్లి వారానికి 16 గంటలు పనిచేస్తే సరిపోయేది. మా పక్కింటి గుజరాతీ బెన్ ఆ రోజుల గురించి చెప్తుంటే, మా నాయనమ్మ నిజాం కాలం నాటి బియ్యం ధర చెప్పినట్టే ఉంటుంది. 2025 ఏప్రిల్‌తో ఆ టాక్స్ క్రెడిట్ల కథ ముగిసింది. ఇప్పుడు 3 నుంచి 12 ఏళ్ల వయసు పిల్లలున్న తల్లి దగ్గర వారానికి 30 గంటల దాకా పని ఆశిస్తారు.

హనుమకొండలో ఉన్న మా అమ్మకు ఇది చెప్పబోయాను. "గవుర్మెంటు పైసలిస్తదంటివి గద బిడ్డా, మల్ల పని చెయ్యమనుడేంది? మనకాడ ఒంటరి ఆడోళ్లకు పింఛనిస్తుండ్రు. వారానికి ఎన్ని గంటలు కుట్టినవని ఎవలన్న అడిగిండ్రా?" అంది. తెలంగాణలో 2017లో నెలకు వెయ్యి రూపాయలతో మొదలై, తర్వాత 2,016 అయిన పింఛను అది. నిజమే, గంటలు అడగరు. ఆ డబ్బుతో హనుమకొండలోనే నెల గడవదన్నది వేరే సంగతి.

ఇక్కడ మాత్రం అడుగుతారు. నేను సొంతంగా పని చేసుకుంటున్నానంటే ఊరికే ఒప్పుకోరు. ఇదే నా ప్రధానమైన పని అని, పద్ధతిగా, క్రమం తప్పకుండా, లాభం వస్తుందన్న ఆశతో చేస్తున్నానని వర్క్ కోచ్ అనే అధికారి ఎదుట రుజువు చేసుకోవాలి. బిల్లులు, ప్రకటనలు, బిజినెస్ ప్లాన్, పన్ను శాఖ ఇచ్చిన నంబరు చూపాలి. నంబరుంది. మిగతావాటికి బదులు నా కొలతల పుస్తకం పట్టుకెళ్లాను. అది పాత స్కూలు నోటుబుక్కు, సగం పేజీల్లో మా అమ్మాయి ఎక్కాలుంటాయి. వర్క్ కోచ్ మంచి మనిషి. పుస్తకం తెరిచి, తలకిందులుగా ఉందేమోనని ఒకసారి తిప్పి చూసి, ఒకచోట వేలు పెట్టి ఇదేమిటంది. అక్కడ నా రాతలో ఇలా ఉంది: "డాక్టరక్క. నడుం 34 అంటుంది, 36 కుట్టాలి, చెప్పొద్దు. మెడ లోతు అత్తగారున్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. బాకీ 15." "కస్టమర్ల అవసరాలు" అన్నాను. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. నా వ్యాపారాన్ని అంత గౌరవంగా చూసిన మనిషి ఆవిడొక్కతే.

మొదటి ఏడాది హాయిగా ఉంటుంది. వ్యాపారం నిలదొక్కుకోవడానికి 12 నెలల దాకా గడువిస్తారు, ఎంత వస్తే అంతే లెక్కవేస్తారు. ఆ తర్వాత దిగుతుంది మినిమమ్ ఇన్‌కమ్ ఫ్లోర్. నువ్వు ఎంత తక్కువ సంపాదించినా సరే, నీ గంటలన్నీ కనీస వేతనానికి పనిచేస్తే ఎంత వస్తుందో అంత వచ్చినట్టే లెక్క అనడం దాని సారాంశం. 2025 ఏప్రిల్‌తో మొదలైన ఏడాదికి ఆ వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 30 గంటల చొప్పున నెలకు దాదాపు 1,587. అందులోంచి నేను కట్టని పన్నును కట్టినట్టు ఊహించి తీసేస్తారు. మిగిలిన ఊహలో, అద్దె సాయం కూడా తీసుకునే నాలాంటి తల్లికి ఆ ఏడాది లెక్కన మొదటి 411 పౌండ్లు వదిలేసి, ఆ పైన ప్రతి పౌండుకూ 55 పెన్నీల చొప్పున సాయం తగ్గిస్తారు. అంటే నెలంతా ముక్కి మూలిగి ఆరు వందలు తెచ్చుకున్నా, ప్రభుత్వం దృష్టిలో నేను అంతకు రెట్టింపు దాటి గడించే దిట్టను. నా మీద ఇంత నమ్మకం మా ఆయనకు ఏనాడూ లేదు.

ఆ ఊహ కన్నా ఎక్కువొచ్చిన నెలలో మాత్రం ఊహను పక్కనపెట్టి నిజాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంత ఖచ్చితం.

ఈ నెలవారీ లెక్కకు పంచాంగం అడ్డొస్తుంది. ఫలానా నెలలో ఆదాయం ఎందుకు పడిపోయిందని వర్క్ కోచ్ అడిగింది. ఆషాఢమండీ, మావాళ్లు పెళ్లిళ్లు చేయరు అన్నాను. మరి వచ్చే నెల? శ్రావణం. వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, రాత్రి రెండింటిదాకా మిషను ఆగదు. అయితే ఇక బాగుంటుందన్నమాట అంది. మూఢం రానంతవరకూ బాగుంటుందన్నాను. మూఢమంటే? గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్తే ముహూర్తాలుండవు, ముహూర్తాలు లేకపోతే జాకెట్లుండవు. ఆవిడ టైపు చేయడం ఆపి నా మొహంలోకి చూసింది. తర్వాత "సీజనల్" అని కొట్టి ముందుకు వెళ్లిపోయింది. బృహస్పతిని ఒక్క మాటలో తేల్చేసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఇక ముప్పై గంటలు. పిల్లను తొమ్మిదింటికి బళ్లో దింపి, మూడుంబావుకు తెచ్చుకోవాలి. దారి పోను ఆరు గంటలు, ఐదు రోజులకు ముప్పై. కాగితం మీద ఎంత ముచ్చటగా సరిపోయిందో! అన్నం తినకుండా, లైనింగు గుడ్డకు బెల్‌గ్రేవ్ రోడ్డు దాకా వెళ్లకుండా, ఫోనెత్తకుండా ఉంటే చాలు. ఫోనెత్తకపోతే బేరాలు రావు. ఎత్తితే, హైదరాబాద్‌లో ఇదే జాకెట్టు ఎంతకు కుడతారో పౌండ్లను రూపాయల్లోకి మార్చి మరీ వినిపిస్తారు. హైదరాబాద్‌లో కుట్టించి తెచ్చుకున్నది చంక దగ్గర పట్టేసిందని నా దగ్గరికే తెస్తారు, అది వేరే. నాకొచ్చేదాంట్లో పెద్ద భాగం ఆ రిపేర్లదే. ఈ ఫోన్లన్నీ పని గంటలేనా అంటే, నేనైతే వేసేసుకుంటాను.

మా అమ్మాయి వేసుకోనివ్వదు. ఫ్రిజ్ మీద చార్టు అంటించింది. మిషను చప్పుడు వినిపిస్తే బంగారు నక్షత్రం. మిషను ముందు కూర్చుని ఫోన్లో సీరియల్ చూస్తే నక్షత్రం లేదు. మిషను మీద తలపెట్టి కునుకు తీస్తే నీలం చుక్క. నీలం చుక్కలు బాగా పెరిగాయి. ప్రభుత్వం ఇలాంటి అధికారిని పెట్టుకోకపోవడం నా అదృష్టం.

ఇంటిని పనికి వాడుకున్నందుకు నెలకు 100 గంటలు దాటితే 26 పౌండ్లు ఖర్చుగా చూపుకోవచ్చు. సోఫా నిండా కత్తిరింపులు, పప్పులో జరీ పోగు, మంచం మీద ఎక్కడో కనబడని సూది, అన్నీ కలిపి 26. పిల్లను చూసుకునేవాళ్లకు ఇచ్చే డబ్బులో 85 శాతం దాకా తిరిగొస్తుంది. చాలా మంచి నియమం. కాకపోతే ముందు మన చేతినుంచి కట్టి రసీదు చూపాలి. చేతిలో అంత ఉంటే ఈ వ్యాసమే ఉండదు. పైగా ఆషాఢంలో పనిలేనప్పుడు బడి తెరిచే ఉంటుంది, శ్రావణంలో గుడ్డలు గుట్టపడ్డప్పుడు వేసవి సెలవులు, ఆరు వారాలు. ఈ రెండు క్యాలెండర్లూ నా మీద ఏదో కక్ష కట్టి కూడబలుక్కున్నాయి.

హ్యారీ పోటర్ రాసిన రౌలింగ్ కూడా 1990లలో ఎడిన్‌బరాలో చంటిపాపతో, ప్రభుత్వ సాయం మీద బతుకుతూ రాసుకున్న మనిషే. అప్పటికి ఈ ఫ్లోర్ లేదు. ఉండి, రచయిత్రిని అని చెప్పుకుని ఉంటే, ఏడాది తిరిగేసరికి "మీ మాంత్రిక కుర్రాడు నెలకెంత తెస్తున్నాడు?" అని అడిగేవాళ్లు. పాపం, ఆవిడా "హుక్కులొక్కటే మిగిలాయి" అనేదేమో.

నవ్వులాటకు అంటున్నాను గానీ, వాళ్ల ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. గిట్టుబాటు కాని వ్యాపారాన్ని పన్ను కట్టేవాళ్లు ఎన్నాళ్లు మోస్తారు? చూడాల్సిందే. కాకపోతే నెలనెలా చూడటమే నాకు మింగుడు పడదు. పన్ను శాఖ నన్ను ఏడాదికోసారి లెక్క అడుగుతుంది, జనవరి 31 లోపు ఆన్‌లైన్‌లో చెప్తాను. సాయమిచ్చే శాఖ నెలకోసారి అడుగుతుంది. మనిషిని నేనే, మిషనూ అదే. ఏడాదిగా చూస్తే నేను ఒక మోస్తరు దర్జీని. నెలగా చూస్తే ఒక నెల సోమరిని, మరో నెల షావుకారుని. శ్రావణంలో ఎక్కువొచ్చిందని కోసేసి, ఆషాఢంలో రానిది వచ్చిందనుకుని మళ్లీ కోసేస్తే, ఆ పన్నెండు నెలల సగటు ఎవరి దగ్గరుంటుంది?

ఇంకోటి, వాళ్ల లెక్కలో డబ్బు చేతికందిన రోజే ఆదాయం. కుట్టిన రోజు కాదు. బాకీలకు విలువ లేదు. కాబట్టి డాక్టరక్కతో సహా అందరికీ ఒక మనవి. శ్రావణానికి కావలసిన జాకెట్టు గుడ్డలు ఆషాఢంలోనే ఇవ్వండి. కుట్టుకూలి కూడా అప్పుడే ఇచ్చేయండి. మీవి తప్పకుండా టైముకు ఇస్తాను, హుక్కులతో సహా.