అవిసె బాబాయి

ప్రతి వీధికీ ఒక అవిసె బాబాయి ఉంటాడు. ఆయన పుట్టుకతో అలాంటివాడు కాదు. యాభై దాటాక, చేతికి కొలెస్ట్రాల్ రిపోర్టు వచ్చిన సాయంత్రం నుంచి అలా అవుతాడు.

మా వీధి బాబాయి ఇంట్లో అవిసె గింజలు మొదట కారప్పొడి రూపంలో దిగాయి. ఇడ్లీలోకి బాగానే ఉందన్నారు. ఆ మాటే కొంప ముంచింది. చపాతీ పిండిలోకి, మజ్జిగలోకి, చివరికి సంక్రాంతి అరిసెల్లోకి కూడా వచ్చేశాయి. అరిసెల దగ్గర ఇల్లంతా తిరగబడింది. ఎదురు చెప్పని ప్రాణులు కావాలనుకున్నాడేమో, పెరట్లో జాలీ బోన్లు కట్టించి న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు తెచ్చాడు.

తల్లిపాలు మానేసిన నెల పిల్లలంటే ఆయనకు ప్రత్యేక అభిమానం. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క కలిపిన దాణాలో అవిసెలు వేస్తూ పాఠం మొదలుపెడతాడు. "చూడబ్బాయ్, ఈ గింజలో 40 శాతం దాకా నూనే. ఆ నూనెలో సగానికి పైగా ఒమేగా-3. మేకకి పెట్టావనుకో, దాని పొట్టలోని సూక్ష్మజీవులు చాలావరకు మార్చి పారేస్తాయి. కుందేలు అలా కాదు. తిన్న కొవ్వు తిన్నట్టే మాంసంలో చేరుతుంది!"

ఆ మాట నిజమే. బాబాయితో వచ్చిన చిక్కల్లా అదే, ఆయన చెప్పేవాటిలో ముప్పాతిక భాగం నిజాలు. కుందేలు తన మెత్తటి పెంటికలు తానే తిని పోషకాలు మళ్లీ రాబట్టుకుంటుందన్నదీ నిజమే. కాకపోతే ఆ సంగతి ఆయనకు సరిగ్గా మనం విస్తట్లో కూర్చున్నప్పుడే గుర్తొస్తుంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మొండితనం ఆయనకు లేదు. కాళ్లు నాలుగేనని ఒప్పుకుంటాడు. పేచీ అంతా గుప్పెళ్ల లెక్క దగ్గరే. పరిశోధనల్లో అవిసెలు సాధారణంగా దాణాలో నూటికి పది పాళ్లలోపే వాడి చూశారు. బాబాయి కూడా అంతే కొలిచి వేస్తాడు. ఆ తర్వాత పిల్లల మొహాలు చూసి, "పెరిగే వయసు కదా" అని ఇంకో గుప్పెడు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి మరొకటి. వారం తిరక్కుండానే పిల్లలు పారుకున్నాయి.

పశువుల డాక్టరుగారు బోను వైపు ఓసారి చూశారు. "వీటికి ముందు పీచు కావాలండీ. గరికేదీ?"

"గరికలో ఒమేగా ఎంతుంటుందండీ?"

డాక్టరుగారు బ్యాగు సర్దుకున్నారు.

మరుసటి నెల దాణా వాసన మారింది. నెలకు సరిపడా అవిసెలు ఒకేసారి మిక్సీ పట్టించాడు మరి. గింజగా ఉన్నంతకాలం నిలవుంటుంది గానీ, పొడి చేస్తే ఆ నూనెకి గాలి తగిలి తొందరగా ముక్కిపోతుంది. ముందుగా పసిగట్టింది పిన్ని. కుందేళ్లు కూడా ముక్కులు ఆడించి పక్కకు జరిగాయి. "తెలివైనవి," అంది పిన్ని. "మా అల్లుడికి నాలుగు పండగలు పట్టింది."

ఇప్పుడు కొలత తగ్గింది, గరిక వచ్చింది, పొడి ఏ రోజుకారోజు కొడుతున్నాడు. పిల్లలు మూడు నెలలకు రెండేసి కిలోలు తూగుతున్నాయి. ఆదివారం కొనడానికి వచ్చినవాళ్లకు ఒమేగా-3 గురించి మొదటినుంచీ చెబుతాడు. వాళ్లు ఓపిగ్గా విని, "అదంతా సరే బాబాయ్, కిలో ఎంత?" అంటారు. అవిసెల ఖర్చు కలిపి చెబితే చికెన్ కొట్టు వైపు నడుస్తారు. ఆయనకు అదేం పెద్ద బాధ కాదు. ఇంతకీ బాబాయి మాంసం ముట్టడు.

మొన్న ఎక్కడో చదివాడట, అవిసెలు మేపితే కోడిగుడ్డులో కూడా ఒమేగా-3 చేరుతుందని. ఆ సాయంత్రమే పిన్ని తన మూడు పెట్టల్నీ గంప కింద పెట్టించి, చెల్లెలి ఊరికి ఆటోలో పంపించేసింది.