తుడిచేస్తేనే తర్వాతి బొమ్మ

బొమ్మ కదిలిందంటే మీకు వింతే లేదర్రా! ఫోన్‌లో నాలుగు మాటలు కొడితే పులి పరిగెడుతుంది. అది చెట్టు దాటకముందే మీ వేలు దాన్ని పైకి తోసేస్తుంది. మా రోజుల్లో హాల్లో అసలు సినిమాకి ముందు ఫిలిమ్స్ డివిజన్ వాళ్ల చిన్న రీలు తప్పనిసరిగా వేసేవాళ్లు. ఎక్కువగా వరదలు, ఆనకట్టలు, మంత్రుల ప్రారంభోత్సవాలే, కాదనను. కానీ ప్రమోద్ పతి 1972లో ‘ఆబిద్’ తీసింది ఆ సంస్థలోనే. చిత్రకారుడు ఆబిద్ సూర్తీని నిలబెట్టి ఒక ఫ్రేమ్ తీయడం, కాస్త జరిపి ఇంకోటి తీయడం. తెరమీద సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 1440. బతికున్న మనిషే బొమ్మైపోయాడు!

కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లోనే ‘నైబర్స్’లో ఈ పని చేసి ఆస్కార్ కొట్టాడు. ఒక్క పువ్వు కోసం ఇద్దరు ఇరుగుపొరుగులు కొట్టుకు చచ్చే కథ. ఆయనకి కెమెరా కూడా అక్కర్లేదు. 1955లో ‘బ్లింకిటీ బ్లాంక్’కి నల్లటి ఫిల్ము మీదే గీకి బొమ్మలు చెక్కాడు. చప్పుళ్లు కూడా కొన్ని అలా గీకినవే. అందుకే తెరమీద ఆ గీత వణుకుతుంది. ఆ వణుకులో మనిషి చెయ్యి ఉంది. మీ కంప్యూటరు దాన్ని చదును చేసి పారేస్తుంది, అదీ నా బాధ.

కారొలిన్ లీఫ్ మరీనూ. కిందనుంచి వెలుగు పడే గాజుపలక మీద ఇసుక పోసి, వేళ్లతో బొమ్మ దిద్ది, ఫొటో తీసి, దాన్నే చెరిపి తర్వాతి బొమ్మ దిద్దేది. గుడ్లగూబ బాతుని పెళ్లాడిన ఇన్యూట్ కథని 1974లో అలాగే తీసింది. తుమ్మితే ఊడిపోయే ముక్కంటారే, అచ్చం అలాంటి బొమ్మలు! మీలాగా వెనక్కెళ్లి సరిదిద్దుకునే మీట లేదు. అందుకే ప్రతి గీతకీ ముందు ఆలోచన ఉండేది.

ఇంత తిడుతున్నానా, ఆ ఇసుక బొమ్మల్ని నేను చూసింది మాత్రం మనవరాలి ఫోన్‌లోనే. అప్పట్లో పేరు వినడమే గాని చూసే దారేదీ? ఆ మేలు ఒప్పుకోవాల్సిందే.

ఒప్పుకున్నాను కదాని ఎగరకండి. రష్యాలో యూరీ నార్‌స్టైన్ 1975లో ‘హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్’ తీశాడు. అందులో పొగమంచేమిటనుకున్నారు? బొమ్మ మీద పరిచిన పల్చటి కాగితం! దాన్ని ఫ్రేము ఫ్రేముకీ కొంచెం కొంచెం కెమెరా వైపు లేపుతుంటే ముళ్లపంది మంచులో కలిసిపోతుంది. బొమ్మలు గీసింది ఆయన భార్య ఫ్రాంచెస్కా యార్బుసోవా. ఆ దంపతులే 1981లో గోగోల్ ‘ఓవర్‌కోట్’ మొదలుపెట్టారు, దశాబ్దాలు గడిచినా పూర్తికాలేదు. మీకేమో ముళ్లపంది కథ పది నిమిషాలు కూడా ఎక్కువే. ఈ ఆదివారం నా పక్కన కూర్చుని చూడండి. వేగం పెంచే మీట నొక్కారో, ఫోన్ లాక్కుంటాను.