దవాఖానల పెద్దనాయన

అమెరికాలో ఉన్న తెలుగమ్మాయి కడుపుతో ఉందని ఇంట్లో తెలిసిన రెండు మూడు రోజులకు ఆమెకు ఒక ఫోన్ వస్తుంది. అమ్మ ఫోన్ కాదు. అమ్మ మొదటి రోజే చేసి, ఏడ్చి, నవ్వి, బొప్పాయి తినొద్దని చెప్పేసింది. అత్తమ్మదీ కాదు. ఇది కొత్వాల్‌గూడ నుంచి వచ్చే ఫోన్. అవతల పెద్దనాయన ఉంటాడు. కుశలప్రశ్నలతో కాలయాపన చేయడు.

"బిడ్డా, అంత మంచిదే గని, దవాఖాన ఖాయం జేసిన్రా?"

ఆయన అమెరికా చూడలేదు. పాస్‌పోర్టు ఉంది, అందులో ఒక్క ముద్రా లేదు. అయినా డాలస్ చుట్టుపక్కల ఏ ఆస్పత్రి ఏ రోడ్డు మీద ఉందో, ఫ్రిస్కో నుంచి ప్లేనోకు సాయంత్రం ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో తడుముకోకుండా చెబుతాడు. ఇలాంటి పెద్దమనిషి గుంటూరులోనూ ఉంటాడు, కరీంనగర్‌లోనూ ఉంటాడు. కానీ కొత్వాల్‌గూడ పెద్దనాయనకున్న వసతి వాళ్ళకు లేదు. ఊరికి ఒక దిక్కు హిమాయత్‌సాగర్, పక్కనుంచే అవుటర్ రింగు రోడ్డు, కాస్త ముందుకు పోతే శంషాబాద్ ఎయిర్‌పోర్టు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇటు మారినప్పటి నుంచీ ఆయన ఇల్లు చుట్టాల సత్రమైంది. దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా పోయే విమానాలు చాలావరకు తెల్లవారకముందే లేస్తాయి. అందుకని వరంగల్ అత్తమ్మలు, నిజామాబాద్ అమ్మలు ముందు రోజు సాయంత్రానికే సూట్‌కేసులతో సహా దిగుతారు. ఆయన ఇంట్లో అన్నం తిని, ఒక కునుకు తీసి, అర్ధరాత్రి దాటాక ఆయన కారులోనే ఎయిర్‌పోర్టుకు చేరతారు. వాళ్ళలో చాలామంది పోయేది బిడ్డకో కోడలికో పురుడు పోయడానికే.

పడకకూ భోజనానికీ పెద్దనాయన ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. సమాచారం తీసుకుంటాడు. ఆర్నెల్లకు తిరిగొచ్చేటప్పుడు కూడా వాళ్ళు ఆ ఇంటి మీదుగానే పోవాలి కదా. అప్పుడు లాంగ్ నోటుబుక్కు బయటికొస్తుంది. స్కేలు పెట్టి గీసిన గళ్ళు. ఊరు. దవాఖాన. డాక్టరమ్మ మనామెనా. కోత పెట్టిన్రా. ఎన్ని దినాలు ఉంచిన్రు. బిల్లెంత. చివరి గడి మాత్రం పెద్దమ్మ పట్టుబట్టి గీయించింది: బాలింతకు వేడినీళ్ళు ఇచ్చిన్రా?

ఆ చివరి గడి నిండా ఒకటే జవాబు. ఇవ్వలేదు. అమెరికా ఆస్పత్రుల్లో కాన్పయిన కాసేపటికే నర్సు పెద్ద మగ్గు నిండా ఐసుముక్కలు వేసిన నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెడుతుంది. శొంఠి, వాము, కాయం మూటకట్టుకొని ఏడు సముద్రాలు దాటిన తల్లికి ఆ మగ్గు చూడగానే ప్రాణం చివుక్కుమంటుంది. పచ్చి బాలింత, చల్లనీళ్ళు! ఏ ఆస్పత్రికి ఎన్ని నక్షత్రాలున్నా పెద్దమ్మ లెక్కలో అన్నీ ఆ ఒక్క గడి దగ్గరే ఫెయిలు.

పెద్దనాయన అంత కఠినుడు కాదు. ఆయనకు కావలసింది ఎంపిక. ఎవరైనా ఏదైనా ఖాయం చేసేశారంటే ఆయనకు దిగులు. అట్లాంటా వాళ్ళొస్తే నార్త్‌సైడ్ పేరు చెబుతారు. అక్కడ పుట్టే పిల్లల సంఖ్యను బట్టి ఆ ఆస్పత్రికి బేబీ ఫ్యాక్టరీ అని ముద్దుపేరు. పెద్దనాయనకు ఆ పేరు నచ్చింది, గిరాకీ ఉన్న దుకాణంలో సరుకు తాజాగా ఉంటుందని ఆయన నమ్మకం. అదే న్యాయం డాలస్ పార్క్‌లాండ్‌కు దక్కలేదు. అది కౌంటీ వాళ్ళు నడిపే పెద్ద ధర్మాసుపత్రి, ఏడాదికి పదివేలకు పైగా కాన్పులు చేస్తుంది. "అంటే మన పేట్లబుర్జు లెక్క" అని మొదట సంతోషంగానే రాసుకున్నాడు. తర్వాత ఎవరో పిల్లవాడు, 1963లో తూటా తగిలిన కెన్నెడీని తీసుకెళ్ళింది అక్కడికేనని చెప్పాడు. పెద్దనాయన ఆ పేరు మీద గీత కొట్టేశాడు. ప్రెసిడెంటు తలకు తగిలిన తూటాకూ పురిటి వార్డుకూ సంబంధం ఏమిటని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఫ్రిస్కోలో ఉన్న తమ్ముడి కూతురికి ఈ పరిశోధన అంతా ఫోన్‌లో దిగింది. పాపం ఆ పిల్ల మూడుసార్లు చెప్పి చూసింది. అక్కడ ముందు ఎంచుకోవలసింది ఆస్పత్రిని కాదు, డాక్టరును. ఆ డాక్టరుకు ఏ ఆస్పత్రిలో కాన్పులు చేసే అనుమతి ఉంటే పురుడు అక్కడే. ఆ డాక్టరూ ఆ ఆస్పత్రీ రెండూ మన ఇన్సూరెన్సు వాడి నెట్‌వర్కులో ఉండాలి. లేకపోతే బిల్లు చూసి మొగుడూ పెళ్ళాలను పక్క మంచాల మీద పడుకోబెట్టాల్సి వస్తుంది.

"అయితే ఇన్సూరెన్సోడు ఖాయం జేస్తడా మన దవాఖాన?"

"అంతే అనుకో పెద్దనాయనా."

"వాడు మనకేమైతడు?"

దీనికి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ ఇంజినీరింగు, టెక్సాస్ ఎమ్మెస్ రెండూ చదివినా దొరకని జవాబది. మన దగ్గర ఆస్పత్రి ఎంపిక ఎట్లా జరుగుతుంది? మేనత్త కూతురి కాన్పు అక్కడే అయింది కనుక. డాక్టరమ్మ హస్తవాసి మంచిది కనుక. లోపల తెలిసిన సిస్టరు ఉంది కనుక. పెద్దమ్మ మొదటి కాన్పు పేట్లబుర్జులో ఎందుకైందంటే, అక్కడ ఆయాగా చేసే ఆమె వీళ్ళ ఊరి ఆడపడుచు. ఇంకో కారణం లేదు, అవసరం పడలేదు. హస్తవాసి సంగతి అమెరికాలో మరీ అన్యాయం. తొమ్మిది నెలలు ఒక డాక్టరమ్మ చూస్తుంది. నొప్పులొచ్చిన రాత్రి డ్యూటీలో ఆమెతో కలిసి పనిచేసే ఇంకో డాక్టరు ఉంటాడు. వెతికి వెతికి తెలుగు డాక్టరమ్మను పట్టుకున్నవాళ్ళ బిడ్డను చివరికి ఎర్రగడ్డం డాక్టరొకడు పైకెత్తి చూపించిన ఉదాహరణలు నోటుబుక్కులో ఉన్నాయి.

ఇక డబ్బు. కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2022లో వేసిన లెక్క ప్రకారం, ఉద్యోగం తరఫున ఇన్సూరెన్సు ఉన్న ఆడమనిషి గర్భం నుంచి బాలింతతనం దాకా అయ్యే ఖర్చు సగటున సుమారు 19 వేల డాలర్లు. అందులో జేబులోంచి పెట్టుకోవలసింది 2,900 దరిదాపులు. అల్లుడు ఓపికగా వివరించాడు: డిడక్టబుల్ అన్నంత మేరకు ముందు మనమే కట్టాలి, తర్వాత కంపెనీకీ మనకూ వాటా, ఒక హద్దు దాటితే మొత్తం కంపెనీదే, జనవరి ఒకటిన మీటరు మళ్ళీ సున్నా నుంచి తిరుగుతుంది. అంతా విని పెద్దనాయన అడిగిన ఒక్క ప్రశ్నకు అల్లుడు ఉలిక్కిపడ్డాడు.

"అయితే డిసెంబర్ ఆఖర్ల దవాఖానకు పోయి జనవరి పస్టుకు ఇంటికొస్తే, రెండుసార్లు కట్టాల్నా?"

కట్టవలసి రావచ్చు. ఆ పిల్ల కాన్పు ఏప్రిల్‌లో కనుక బతికిపోయారు గానీ, ఇంత సూక్ష్మం పట్టుకున్న మనిషికి మామూలు నోటుబుక్కు చాలదు. ఏ బీమా కంపెనీ అయినా ఆయన్ను ఉద్యోగంలో పెట్టుకుంటే నష్టపోదు.

అసలు గొడవ కోత దగ్గర వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21 కాన్పులు సిజేరియన్లయితే, తెలంగాణలో నూటికి 60 దాటాయి. దేశం మొత్తం మీద మనదే మొదటి స్థానం. ప్రైవేటు ఆస్పత్రుల సంగతి తీసుకుంటే 80 కూడా దాటింది. అమెరికాలో అది 32 దగ్గర ఆడుతుంది. ఈ అంకెలు ఎవరికైనా మన గురించి బెంగ పుట్టించాలి. పెద్దనాయనకు అమెరికా గురించి బెంగ పుట్టింది. "గాళ్ళకు కోసుడు అంతగా అలవాటు లేనట్టుంది బిడ్డా" అన్నాడు. పైగా శంషాబాద్‌లో తనకు తెలిసిన పంతులుగారిని కలిసి ఒక మంచి ఘడియ పెట్టించుకొచ్చాడు. పొద్దున 9 గంటల 12 నిమిషాలు.

ఎక్కడి 9 గంటల 12 నిమిషాలు? ఏప్రిల్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మన ఘడియ వాళ్ళకు ముందురోజు రాత్రి 10 గంటల 42 నిమిషాలు. బిడ్డ పుట్టేది అక్కడి ఆకాశం కింద కనుక అక్కడి పంచాంగమే చూడాలని ఒకరు, పంతులు ఇక్కడివాడు కనుక ఇక్కడి లెక్కేనని ఇంకొకరు. వియ్యంకుల వైపు, అంటే గుంటూరు వైపు, ఒక పెదనాన్నగారున్నారు. ఆయన వేరే ఘడియ తెచ్చారు. చివరికి అక్కడి డాక్టరమ్మ ఈ వ్యాజ్యాన్ని ఒక్క మాటతో కొట్టేసింది: తల్లీబిడ్డలకు ఇబ్బంది ఉంటే తప్ప 39 వారాలు నిండకుండా ఎవరి ముహూర్తానికీ కాన్పు చేసేది లేదు.

2025 జనవరి నెల మాత్రం పెద్దనాయనకు చేతినిండా పని. అమెరికాలో తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు అక్కడ పుట్టే పిల్లలకు పౌరసత్వం ఉండదంటూ ట్రంప్ 20వ తేదీన సంతకం పెట్టాడు. ఫిబ్రవరి మూడో వారం నుంచి అమలన్నారు. ఆ గడువు లోపలే సిజేరియన్ చేయమంటూ భారతీయ దంపతులు డాక్టర్లను అడుగుతున్నారని పేపర్లలో వచ్చింది. జన్మతః పౌరసత్వం 1898లోనే అక్కడి సుప్రీంకోర్టు వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో తేల్చిన సంగతి. కింది కోర్టులు ఆ ఉత్తర్వును అమలుకు ముందే ఆపేశాయి. ఆ మధ్యలో నెల తక్కువ పిల్లల కోసం ఎన్‌ఐసీయూ స్థాయిలు నేర్చుకున్నది మాత్రం మన పెద్దనాయనే. ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయని, 32 వారాల లోపు పుట్టేవాళ్ళకు మూడో స్థాయి ఉండాలని ఇప్పుడు ఆయన ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి భోజనాల బంతిలో కూడా చెబుతాడు. ఎదుటివాడు పెరుగన్నంలో ఉన్నా వదలడు. ఈ ఒక్క సంగతిలో ఆయన మాట వినడం మంచిదే.

మిగతా దేశాలను ఆయన పెద్దగా లెక్కలోకి తీసుకోడు. మెల్‌బోర్న్‌లో తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తీసుకునే చాలా పాలసీల్లో కాన్పు ఖర్చుకు 12 నెలల వెయిటింగ్ ఉంటుందని తెలిసినప్పుడు, "పాలసీ తీసుకున్నంక మూడు నెలలు ఆగి శుభవార్త చెప్పున్రి" అని ఒక వాక్యంలో తేల్చేశాడు. లండన్ మీద మాత్రం కోపం. అక్కడ ఏ చిక్కూ లేని గర్భమైతే మిడ్‌వైఫే చూసుకుంటుంది, అంతా బాగుంటే తల్లీబిడ్డలను అదే రోజు ఇంటికి పంపినా పంపుతారు. "ఎన్కటి మంత్రసాని కోసం గంత దూరం పోవాల్నా?" అన్నాడు. 2017లో తెలంగాణ ప్రభుత్వమే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టిందని తన కూతురు గుర్తుచేస్తే, టీవీ సౌండు పెంచాడు.

పురుడు పోయడానికి తల్లి వెళ్ళాలి కదా, ఆ ప్రయాణం కూడా పెద్దనాయన పర్యవేక్షణలోనే. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, అంతకు ముందు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వీసా వచ్చాక నూటెనిమిది. కొత్వాల్‌గూడ నుంచి చిలుకూరు ఎంతో దూరం కాదు కనుక చుట్టాల మొక్కులకు కారు నడపడం ఆయన పుణ్యంలో భాగం. సూట్‌కేసు 23 కిలోలు దాటకుండా కాటా వేసేదీ ఆయనే. వస కొమ్ము, సున్నిపిండి, వెల్లుల్లి కారం అన్నీ తూకం వేసి, ఎండు చేపల పొట్లం దొరికితే నిర్దాక్షిణ్యంగా తీసి ఫ్రిజ్ మీద పెడతాడు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, మామూలు కాన్పు, డాలస్ టైము ప్రకారం మధ్యాహ్నం 3 గంటలకు. కొత్వాల్‌గూడ ఘడియా కాదు, గుంటూరు ఘడియా కాదు. ఆస్పత్రి కూడా పెద్దనాయన మొదటి ఐదింటిలో లేనిది, డాక్టరమ్మ కాన్పులు చేసేచోటు అంతే. మామూలు కాన్పుకు 48 గంటలు, కోతకు 96 గంటలు ఆస్పత్రిలో ఉంచే ఖర్చు ఇన్సూరెన్సు భరించాలని 1996 నాటి చట్టం. రెండో రోజు అల్లుడు కారు సీటు బిగించడం రాక చెమటలు కక్కుతుండగా, లోపల గుమాస్తా కాగితం పట్టుకొని పేరేమిటని అడిగింది. పేరు చెబితే బర్త్ సర్టిఫికెట్టుతో పాటే సోషల్ సెక్యూరిటీ నంబరుకూ దరఖాస్తు పోతుంది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పెట్టవలసిన పేరు! కొత్వాల్‌గూడకు ఫోన్ మోగింది. అక్కడ తెల్లవారుజామున మూడు. దోహా విమానానికి ఎవరినో దింపొచ్చి అప్పుడే పడుకున్న పెద్దనాయన, మూడు అక్షరాలు చెప్పి, "ఇంగ్లీషుల రెండు ఏలు పెట్టున్రి" అన్నాడు.

తెల్లారాక నోటుబుక్కు తెరిచి ఆ ఆస్పత్రి పేరు మొదటి వరసలో రాశాడు. పక్కన "మనం చూసిందే" అని చేర్చాడు. ఇప్పుడు ఎవరడిగినా తానే ఖాయం చేశానని చెబుతున్నాడు, ఆ పిల్ల కాదనలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా అమెరికాలో కాన్పు ఉంటే ఆయన మీకూ ఫోన్ చేస్తాడు. ఎత్తండి. ఎన్‌ఐసీయూ ఏ స్థాయో, జనవరి ఒకటి లెక్కేమిటో శ్రద్ధగా వినండి. ఇన్సూరెన్సు కార్డు ఫొటో మాత్రం ఆయనకు వాట్సాప్‌లో పంపకండి, మర్నాటికి గుంటూరు చేరుతుంది.