బెల్లు మోగినప్పుడల్లా

మా జిమ్మీ టీవీ చూస్తాడని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, నలుగురికీ చెప్పుకున్నాను. బ్యాంకులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకునేటప్పుడు, "మావాడికి సీరియల్ లేకపోతే పొద్దు గడవదండీ" అనేదాన్ని. పొద్దున్న తాళం వేసేముందు సీరియళ్లు వచ్చే ఛానల్ పెట్టి, సౌండు కాస్త పెంచి, "అమ్మ సాయంత్రం వచ్చేస్తుంది, చూస్తూ ఉండు నాన్నా" అని చెప్పి బయల్దేరేదాన్ని. వాడికి తోడు పెట్టి వెళ్తున్నానన్న తృప్తి నాకు.

ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. సాయంత్రాలు నేను సోఫాలో కూర్చుంటే వాడు నా కాళ్ల దగ్గర చేరి తెరవైపు తల తిప్పేవాడు. అందులో కుక్క మొరిగితే చెవులు నిక్కబొడుచుకునేవి. ఒకసారి గుర్రాలు పరుగెత్తే దృశ్యం వస్తే లేచి వెళ్లి తెరకు ముక్కు ఆనించాడు. అక్కడ తడి మచ్చ పడితే తుడవబుద్ధి కాలేదు నాకు. మనిషిలా చూస్తున్నాడే అని మురిసిపోయాను. ముక్కెందుకు ఆనించాడో ఆలోచించలేదు. గుర్రం కదులుతోంది, డెక్కల చప్పుడు వినిపిస్తోంది, వాసన మాత్రం ఎక్కడా లేదు. కుక్కకి ముక్కు చెప్పిందే నిజం. వాడు గుర్రం కోసం వెతికాడు, దొరక్క తిరిగొచ్చి పడుకున్నాడు.

మా నాన్న ఉండి ఉంటే నా మాట ఒప్పుకునేవారు కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో ఈసీటీవీ ఉండేది, హైదరాబాదులో ఈసీఐఎల్ వాళ్లు తయారుచేసింది. అది పెట్టగానే అప్పటి మా కుక్క లేచి వరండాలోకి పోయేది. "దానికి బొమ్మ కనపడదే" అనేవారు నాన్న. ఆయన మాట చాలావరకు సరైనదేనని ఈమధ్యే చదివి తెలుసుకున్నాను. పిక్చర్ ట్యూబు టీవీ తెర సెకనుకు 50 సార్లు వెలిగి ఆరేది. మన కళ్లు ఆ వేగానికి సర్దుకుంటాయి. కుక్క కళ్లకు వెలుతురు నిలకడగా తోచాలంటే 70, 80 సార్లయినా వెలగాలి. అందుకే దానికి బొమ్మ బదులు మిణుకు కనపడేది. దానికి తోడు ఆ పెట్టెలోంచి సన్నటి ఈల ఒకటి నిరంతరం వచ్చేది. 625 గీతలు సెకనుకు 25 మార్లు గీయడం వల్ల పుట్టే ఈల, 15,625 హెర్ట్జ్. చిన్నపిల్లలకు వినపడేది, వయసు పైబడినవాళ్లకు వినపడేది కాదు. 40 వేల హెర్ట్జ్ దాటిన ధ్వనుల్ని కూడా పట్టే కుక్క చెవికి అదెలా ఉండేదో! మేమంతా వార్తలు చూస్తుంటే ఆ మూగజీవి వరండాలో ఎందుకు పడుకునేదో ఇప్పుడు ఊహించుకోగలను.

ఎల్‌ఈడీ తెరలొచ్చాక ఆ మిణుకూ లేదు, ఆ ఈలా లేదు. బొమ్మ కుక్కకీ కనిపిస్తుంది. నీలం, పసుపు తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడా మాత్రం తెలియదు. కాబట్టి జిమ్మీ టీవీ చూడగలడు, అంతవరకూ నేను అన్నది నిజమే. చూసేవాడు నాలాగే చూస్తాడని, నాలాగే ఊరట పొందుతాడని అనుకోవడం నా తెలివితక్కువతనం.

మా వీధి తలుపు లోపలివైపు కింద రంగు లేచిపోయింది. గోళ్ల గీతలు ఒకదాని మీద ఒకటి పడి చెక్క తెల్లగా బయటపడింది. సాయంత్రం తలుపు తెరవగానే అది చూసి వాడిని కసురుకునేదాన్ని. పేపరు చుట్టి కొట్టిన రోజులూ ఉన్నాయి. వాడు చెవులు వెనక్కి వేసి, తల పక్కకు తిప్పుకుని నేలకు అణిగిపోయేవాడు. చేసిన తప్పు తెలుసు దొంగకి అనుకునేదాన్ని. అది తప్పు తెలియడం కాదు, నేనంటే భయం. కింద వాటాలో ఉండే పిన్నిగారు, "మధ్యాహ్నాలు మీవాడు ఒకటే మొరుగుడమ్మా" అని చెప్పారు. సీరియల్లో కుక్కేదో వచ్చి ఉంటుందిలెండి అని ఆవిడకి సర్దిచెప్పాను.

బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి, జిమ్మీ సీరియల్ చూసే ముచ్చట చూపించాలనిపించింది. పాత ఫోన్‌ని షోకేసులో నిలబెట్టి, వీడియో ఆన్ చేసి బ్యాంకుకి వెళ్లాను. రాత్రి అన్నం తిన్నాక చూడటం మొదలుపెట్టాను.

తాళం పడిన చప్పుడు తర్వాత జిమ్మీ టీవీవైపు తిరగనేలేదు. తలుపు కింది సందుకు ముక్కు ఆనించి పడుకున్నాడు. వెనక సీరియల్ నడుస్తోంది. కాసేపటికి అందులో ఎవరింట్లోనో కాలింగ్ బెల్ మోగింది. మా ఇంటి బెల్లుదీ అదే మోత. వాడు ఒక్క ఉదుటున లేచాడు. ఒళ్లంతా ఊగేలా తోక ఊపుతూ గడియ వంక చూస్తూ నిలబడ్డాడు. తలుపు తెరుచుకోలేదు. వంగి సందులో వాసన చూశాడు. మళ్లీ తలెత్తి చూశాడు. తోక ఆగిపోయింది. అప్పుడు గీకడం మొదలుపెట్టాడు, ముందు మెల్లగా, తర్వాత రెండు కాళ్లతో, మూలుగుతూ. సీరియల్లో అత్తగారి ముఖం మీద ఢాం ఢామ్మని మ్యూజిక్ పడితే ఉలిక్కిపడి, మూతి నాక్కుని, ఆవులించాడు. అది నిద్రమత్తు ఆవులింత కాదు. బెదిరిన కుక్కలు అలాగే చేస్తాయి. ఇంకాసేపటికి మరో ఇంట్లో బెల్లు మోగింది. వాడు మళ్లీ లేచాడు, మళ్లీ అదే ఆశతో. ఫోన్‌లో జాగా అయిపోయేదాకా ఇదే.

తోడుంటుందని నేను పెట్టి వెళ్లిన టీవీ, నేనొచ్చానని రోజూ వాడిని పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టింది. ఆ పైన సాయంత్రం నిజంగా వచ్చి నేను కొట్టాను. ఈ ఒక్క సంగతి నాకు మింగుడుపడటం లేదు.

2025లో అమెరికాలోని ఆబర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 453 కుక్కలు టీవీ ముందు ఎలా ఉంటాయో యజమానుల్ని అడిగి ఒక అధ్యయనం వెలువరించారు. హుషారు స్వభావం ఉన్న కుక్కలు తెర మీద కదిలేవాటిని నిజమైనవే అన్నట్టు వెంబడిస్తాయట. పిరికివి, బెంగ ఎక్కువున్నవి కారు హారన్లకీ, కాలింగ్ బెల్లులకీ ఎక్కువగా స్పందిస్తాయట. వానాకాలంలో కాలవగట్టున ఒంటరిగా దొరికిన పిల్ల మా జిమ్మీ. వాడు ఏ రకమో నాకు చెప్పడానికి పరిశోధకులు అక్కర్లేదు, చూడాలనుకుంటే.

ఇంట్లో మాట వినపడకపోతే ఉండలేనిది నేను. మావారు పోయిన తర్వాత టీవీ కట్టేసిన ఇంట్లోకి అడుగుపెట్టాలంటే గుబులుగా ఉండేది. ఆ గుబులు వాడిదనుకుని, నాకు పనిచేసిన మందే వాడికీ వేశాను.

ఇప్పుడు టీవీ కట్టేసే వెళ్తున్నాను. పొద్దున్న ఒక వీధి ఎక్కువ తిప్పి, నేను కట్టి విడిచిన నేతచీర ఒకటి సోఫా పక్కన పరిచి వెళ్తున్నాను. పనమ్మాయి మధ్యాహ్నం వచ్చి కాసేపు వాడి దగ్గర కూర్చుంటుంది. బెల్లు కొట్టొద్దని, పేరు పెట్టి పిలవమని చెప్పాను.

మొన్న మా చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల పిల్లికి ట్యాబ్‌లో పిచ్చుకల వీడియోలు పెడుతోందట, అది గంటలకొద్దీ చూస్తుందట. "చూశాక ఏం చేస్తుంది?" అని అడిగాను. ట్యాబ్ వెనక్కి వెళ్లి వెతుకుతుందట, ఆ తర్వాత కర్టెన్లు పీకుతుందట.

"అయితే కాసేపే పెట్టు" అన్నాను. "కట్టేశాక తాడుకి ఈక కట్టి దాని ముందు ఆడించు. చివర్లో ఆ ఈక దాని పంజాకి దొరకనివ్వు."