బులెటిన్ బాబాయి

బడ్జెట్ రోజు సాయంత్రం ఆదాయపు పన్ను తగ్గిందా పెరిగిందా అని బులెటిన్ బాబాయిని అడిగాను. "చదివినవాడు కొత్త కుర్రాడురా అబ్బాయ్! 'లక్ష' వచ్చినప్పుడల్లా తడబడ్డాడు. అసలు చదవాల్సినవాడు నోటీసు పీరియడ్‌లో ఉన్నాడు" అన్నాడు. పన్ను సంగతి మర్నాడు పేపర్లో చూసుకున్నాను.

ప్రభుత్వం పడిపోయినా, తుపాను వచ్చినా, ఎవరైనా ఫోన్ చేసి "టీవీ పెట్టావా?" అని కంగారుగా అడిగినా బాబాయి అడిగేది ఒకటే. "ఎవరు చదువుతున్నారు?" చెప్పిన పేరు నచ్చితే పెడతాడు. నచ్చకపోతే తుపాను ఇంకో ఛానెల్లో తీరం దాటేదాకా ఆగుతాడు.

ఇలాంటాయన కాలనీకి ఒకరుంటారు. మోకాళ్లూ, రిమోట్ మీద అంకెలూ దాదాపు ఒకేసారి అరిగిపోయిన రిటైర్డు మనిషి. మా విజయవాడ కాలనీ బాబాయికి అసలు పేరొకటి ఉందిగానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు.

ఈయన యావని కొట్టిపారేద్దామంటే వాదన పక్కాగా ఉంటుంది. "దూరదర్శన్ రోజుల్లో చదివేవాళ్లు వాళ్లే, వార్త రోజూ మారేది. ఇప్పుడు పొద్దున ఆరింటి వార్తే రాత్రి పదకొండింటికీ తిరుగుతోంది. మారేదల్లా దాని ముందు నిలబడ్డ మనిషి. మరి నన్ను ఏది చూడమంటావ్?" నేను జవాబు వెతుక్కునేలోపు టీవీలో 'బ్రేకింగ్' అని ఎర్రగా మెరిసింది. చూస్తే పొద్దున ఆరింటి వార్తే.

బాబాయి పరిశోధనకి ఒక పద్ధతుంది. యాంకర్ మూడు రోజులు కనబడకపోతే జ్వరం. వారమైతే తిరుపతో, పెళ్లో. రెండు వారాలు దాటితే ఛానెల్ మారినట్టే. అప్పుడు రిమోట్ పట్టుకుని ఛానెళ్లన్నీ గాలిస్తాడు. జుట్టు పాయ మార్చుకుని, కొత్త కోటు తొడుక్కుని, ఆ మనిషి ఎక్కడో అక్కడ దొరుకుతాడు. అసలు ఆ రెండు వారాలు కూడా బాబాయికి అక్కర్లేదు, వాసన ముందే పసిగడతాడు. రాత్రి తొమ్మిది గంటల బులెటిన్ చదివే ఆవిడ ఉన్నట్టుండి తెల్లవారుజామున అయిదింటికి గుళ్ల గురించి, వాతావరణం గురించి చదువుతోందంటే, "పొమ్మనకుండా పొగబెట్టారు" అని మార్నింగ్ వాక్‌లో ప్రకటిస్తాడు. యాజమాన్యం చేతులు మారిందని తెలిస్తే ఆ నెల ఆయన సరిగ్గా నిద్రపోడు.

టెలిప్రాంప్టర్ ఆగిపోయిన క్షణం కూడా ఆయనకి తెలిసిపోతుంది. "చూడు చూడు, కళ్లు నిలబడిపోయాయి. ఇప్పుడు 'మొత్తంగా చూసుకున్నట్లయితే' అంటాడు చూడు." టీవీలో కుర్రాడు సరిగ్గా అదే అంటాడు. "ఇప్పుడు మా ప్రతినిధి లైన్లో ఉన్నారంటాడు." అదీ అంటాడు. పాపం, ఆ ప్రతినిధి లైన్లో ఉండడు. అప్పుడు బాబాయి మొహంలో కనిపించే తృప్తి, పిన్ని పెసరట్టు వేసినప్పుడు కూడా నేను చూడలేదు.

చరిత్రలోకి దిగితే మాత్రం కుర్చీలో సర్దుకుని కూచుంటాడు. రేడియో కాలం నుంచీ మొదలుపెడతాడు. పన్యాల రంగనాథరావు గొంతు వినబడితే అన్నం కంచం దగ్గర మాటలు ఆపేసేవాళ్లట. 1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. తెలుగు వార్తలు రావడానికి మాత్రం 1983 నవంబరు 14 దాకా ఆగాల్సొచ్చింది. ఆ రోజు తెర మీద కనబడి తెలుగులో వార్తలు చదివిన తొలి మనిషి శాంతి స్వరూప్. ప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలు, బుర్రలో జ్ఞాపకం, అంతే. బాబాయికి అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. పక్కింటివాళ్ల నలుపు తెలుపు టీవీ ముందు చాప మీద కూచుని చూశాడు. మొదటి బులెటిన్లో ఏ వార్తలొచ్చాయి బాబాయ్ అంటే, "వార్తలా? ఏమోరా. మనిషి తల ఎత్తి చూశాడు చూడూ, నన్నే చూసినట్టుంది" అంటాడు.

శాంతి స్వరూప్ 2011లో రిటైరయ్యారు, 2024 ఏప్రిల్ 5న పోయారు. బాబాయి టీవీని వార్త కోసమే చూసిన రోజు బహుశా అదొక్కటే. రోజంతా ఛానెల్ తర్వాత ఛానెల్ తిప్పుతూ కూచున్నాడు. సాయంత్రానికి మాత్రం పాతగుణం తిరిగొచ్చింది. "ఒకడు ఆయన్ని పట్టుకుని 'సాంతి స్వరూప్' అన్నాడురా! ఆయన పేరే పలకలేనివాడు ఆయనకి నివాళేమిటి?" అని మండిపడ్డాడు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక మనుషుల రాకపోకలు మొదలయ్యాయంటాడు. 2003 చివర్లో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చేసరికి ఊపందుకున్నాయి. ఇక 2007 నుంచి 2009 దాకా ఎన్‌టీవీ, టీవీ5, హెచ్‌ఎంటీవీ, సాక్షి, ఏబీఎన్ వరసగా దిగిన రోజులు బాబాయి జీవితంలో స్వర్ణయుగం. కొత్త ఛానెల్ పెట్టేవాడికి జనానికి తెలిసిన మొహం కావాలి, తెలిసిన మొహం పాత ఛానెల్లో ఉంటుంది. ఇక చెప్పేదేముంది? పొద్దున కాఫీకి ఒకచోట కనబడ్డవాడు రాత్రి భోజనం వేళకి ఇంకోచోట.

ఆ రోజుల్లోనే పాలలెక్క గొడవ జరిగింది. పిన్ని గోడ కేలండర్‌లో తారీఖు గడిలో పాల లెక్క రాసుకునేది. బాబాయి అదే గడిలో ఎవరు ఎక్కడ చేరారో రాసేవాడు. నెలాఖరున పాలవాడొచ్చి "అమ్మా, ఇక్కడ 'టీవీ5' అనుంది, అయిదు లీటర్లు పోశానా?" అని అడిగాడు. పోశావు కాబోలనుకుని పిన్ని డబ్బులిచ్చేసింది. అప్పట్నుంచీ ఆ ఛానెల్ పెట్టినప్పుడల్లా పిన్ని లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

రాష్ట్రం విడిపోయినప్పుడు జనం నీళ్ల గురించీ రాజధాని గురించీ కొట్టుకుంటుంటే బాబాయికి వేరే బెంగ పట్టుకుంది. ఎవరు ఎటు? ఈటీవీ2 కాస్తా ఈటీవీ ఆంధ్రప్రదేశ్ అయింది, పక్కన ఈటీవీ తెలంగాణ వచ్చింది. దూరదర్శన్‌లో హైదరాబాదుకి యాదగిరి, విజయవాడకి సప్తగిరి. "మన ఊరికి సప్తగిరి వచ్చిందిరా!" అని కాలనీలో స్వీట్లు పంచాడు. కొండ వచ్చిందనుకుని ఒకావిడ దణ్ణం పెట్టి తీసుకుంది.

యాంకర్లు బిగ్‌బాస్ ఇంటికి వెళ్లడం మాత్రం ఆయన ఇప్పటికీ మింగలేకపోతున్నాడు. 2019లో జాఫర్, శివజ్యోతి వెళ్లారు, 2020లో దేవి నాగవల్లి. "వార్తలు చదివేవాళ్లు అంట్లు తోమడమేమిటి?" అని మొదట చిందులు తొక్కాడు. తర్వాత తనే సర్దిచెప్పుకున్నాడు. జగ్గయ్యగారు కూడా ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే కదా, ఆయన సినిమాల్లోకి వెళ్లలేదా? అంట్లు తోమడానికి పూర్వాచారం దొరికింది. బిత్తిరి సత్తి వి6 నుంచి టీవీ9కీ, అక్కణ్నుంచి సాక్షికీ వెళ్లినప్పుడు మాత్రం నొచ్చుకోలేదు. "నవ్వించేవాడు ఎక్కడికైనా పోవచ్చు, తెలంగాణ మాటని ఎక్కడికి పోయినా వదల్లేదు చూడు" అన్నాడు.

మొన్నొక పెళ్లిలో బాబాయికి జన్మసాఫల్యం కలిగింది. భోజనాల దగ్గర ఓ యాంకరమ్మ కనబడింది. అందరూ సెల్ఫీలకి ఎగబడుతుంటే ఈయన వెనక నుంచి వెళ్లి, చేతులు చెవులకి పెట్టుకోవడం ఒక్కటే తక్కువ, ప్రవర చెప్పడం మొదలుపెట్టాడు. ఫలానా ఛానెల్లో పొద్దుటి బులెటిన్, తరవాత ఫలానా ఛానెల్లో మధ్యాహ్నం మహిళల కార్యక్రమం, మధ్యలో మూతబడ్డ ఒక ఛానెల్, ఆ పైన మళ్లీ మొదటి గూటికి. ఆ అమ్మాయి చేతిలో గులాబ్‌జామ్ ఆగిపోయింది.

"ఆ మధ్యదానిలో పన్నెండు రోజులే చేశానండీ. మా ఇంట్లోవాళ్లకే చెప్పలేదు" అంది మెల్లగా.

"పదకొండు రోజులమ్మా. పన్నెండో రోజు నువ్వు రాలేదు. వేరే అమ్మాయి చదివింది, నీ కోటే వేసుకుని."

"మీరు హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంటా అండీ?" అని అడిగింది పాపం, ప్లేటు కింద పెట్టేసి. కాదని తెలిశాక స్థిమితపడి, వేరే ఛానెల్లో ఖాళీలేమైనా ఉన్నాయా అని ఈయన్నే వాకబు చేసింది. బాబాయి రెండు చెప్పాడు. ఒకటి నిజంగానే ఉందట.

ఆ మధ్య ఆయనకి పెద్ద పరీక్షే ఎదురైంది. 2023లో బిగ్ టీవీ వాళ్లు 'మాయ' అని కృత్రిమ మేధతో చేసిన యాంకర్‌ని తెర మీదికి తెచ్చారు. బాబాయి చాలాసేపు చూశాడు. శషసలు సరిగ్గానే ఉన్నాయి. తడబాటు లేదు, జలుబు లేదు. "ఇంతకుముందు ఎక్కడ చేసింది?" అన్నాడు. ఎక్కడా చెయ్యలేదు, కంప్యూటర్లోనే పుట్టింది బాబాయ్ అన్నాను. పాత ఛానెల్ లేని యాంకర్! నోటీసు పీరియడ్ లేదు, తిరుపతి సెలవు లేదు, పొగబెట్టినా పోదు. రెండు రోజులు టీవీ జోలికి పోకుండా పిన్నికి చిక్కుళ్లు ఒలిచిపెట్టాడు. ఈయన పని అయిపోయిందనే అనుకున్నాం.

మూడోనాడు పొద్దున్నే గేటు దగ్గర పట్టుకున్నాడు.

"నాలుగు బులెటిన్లు చూశానురా, ఆ మాయ ఒక్కదాంట్లోనూ లేదు. ఎటు పోయిందంటావ్?"

"అది కంప్యూటర్ బొమ్మ బాబాయ్, ఎటు పోతుంది?"

"బొమ్మేలే, నాకు తెలీదా? ఎవరు ఎక్కువిస్తామన్నారో అది చెప్పు."