బోడి మల్లయ్య ఓడ

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కరీబియన్‌కి వెళ్లొచ్చే ఏడు రాత్రుల విహార నౌకలో ఆఖరి పగలు మొత్తం సముద్రం మీదే. చూడటానికి ఊరుండదు, దిగడానికి రేవుండదు. హాయిగా సేదతీరండి అంటుంది కంపెనీ. ఓడ రేవులో ఉన్నంతసేపూ క్యాసినో, సుంకం లేని దుకాణాలు మూసి ఉంటాయి. తీరం వదిలి దూరం పోయాకే తలుపులు తీస్తారు. జనం ఎటూ పారిపోలేని ఈ పగలే కంపెనీకి సంతరోజన్నమాట.

పొద్దున్నే నడవాలో బల్లలు వేసి చేతి గడియారాలు గుట్టలుగా పోస్తారు. పూత గొలుసుని అంగుళాల లెక్కన కోసి అమ్ముతారు. నగని అరచేతిలో పెట్టుకుని క్యారెట్లు చెప్పగల మన అత్తయ్యలు కూడా ఆ పూత గొలుసు కోసం తోసుకుంటారు. ఒక మూల బొమ్మల వేలం, ఇంకో మూల బింగో. మధ్యలో ఓ కుర్చీ వేసుకుని, ఈ ఓడ దిగకముందే వచ్చే ఏడాది ఓడకి అడ్వాన్సు పట్టేవాడు.

సాయంత్రానికి లెక్క తేలుతుంది. వారమంతా డబ్బు కళ్లపడలేదు, గది తాళం కార్డే చూపించాం. కూల్‌డ్రింకు, వైఫై, మెట్ల దగ్గర ఇకిలించిన ఫొటో, అన్నీ ఆ కార్డు గుర్తుపెట్టుకుంది. బిల్లుతో పాటు రంగురంగుల చీటీలు కూడా వస్తాయి. రాత్రి పదకొండు లోపు పెట్టెలకి చీటీ కట్టి గుమ్మం బయట పెట్టాలి. నిన్నటిదాకా పేరు పెట్టి పలకరించిన ఓడ ఇవాళ నెంబరు పెట్టి పిలుస్తుంది. తెల్లారి పిలుపు రాగానే బయటికి. మధ్యాహ్నానికల్లా అదే మంచం మీద ఇంకొకరి వీపు. ఏరు దాటాక బోడి మల్లయ్య అనడం ప్రయాణికుడి హక్కని మన సామెత. ఇక్కడ ఆ హక్కు కూడా ఓడే లాక్కుంది.

మనమేం తక్కువ తిన్నామా? ఎక్కడా తక్కువ తినని జాతి మనది, బఫేలో అయితే మరీనూ. అందుకే ఆ రాత్రి అన్నింటికన్నా పొడుగాటి క్యూ కింది అంతస్తు కౌంటర్ దగ్గర. బిల్లులో 'గ్రాట్యుటీ' అని, అంటే సిబ్బందికిచ్చే టిప్పు, ఓ పద్దు ఉంటుంది. రోజుకి మనిషికి పద్దెనిమిది డాలర్లనుకుంటే, నలుగురికి ఏడు రాత్రులకి 504. చాలా ఓడల్లో అడిగితే తీసేస్తారు. డాలస్ నుంచి ఐదు గంటలు కారు తోలుకొచ్చిన బావా బావమరుదులు ఆ క్యూలో ఏం మాట్లాడుకుంటారో ఊహించడం కష్టం కాదు.

"బావా, నీది తీయించేశావా?"

"ఎప్పుడో! సర్వీసు బాలేదని చెప్పు, ఇంకేం అడగరు."

సర్వీసు బాలేదు! తువ్వాలుతో ఏనుగుని చేసి మంచం మీద కూర్చోబెట్టినవాడి సర్వీసు, పచ్చిమిరపకాయలు కావాలంటే వంటింట్లో వెతికి తెచ్చినవాడి సర్వీసు బాలేదట. ఆరో గ్లాసు కాక్‌టెయిల్ పద్దు మీద మాత్రం ఎవరికీ ఫిర్యాదు లేదు.

కంపెనీవాడు పైనుంచి చూసి నవ్వుకుంటాడు. 2024లో మయామీ నుంచి మొదలైన ఐకాన్ ఆఫ్ ద సీస్ ఓడ సంగతే చూడండి. కట్టింది ఫిన్లాండ్‌లో, జెండా బహామాస్‌ది, కంపెనీ నమోదైంది లైబీరియాలో, ఆఫీసు మయామీలో. ఇలాంటి ఓడల్లో పక్కలు సర్దేది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా బిడ్డలు. ఇన్ని దేశాలు ఎక్కిన ఓడలోకి అమెరికా కనీస వేతన చట్టం మాత్రం ఎక్కలేకపోయింది. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం సిబ్బందికి వారానికి కనీసం 77 గంటల విశ్రాంతి ఇమ్మంది. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగతా 91 గంటల్లో ఎంత పిండుకోవచ్చో లెక్క చూసుకోండి. ఇలా పనిచేసే సిబ్బంది జీతంలో పెద్ద ముక్కని 'మీ ఔదార్యం' అని పేరు పెట్టి మన బిల్లులోకి తోసేశారు. మనం దాన్ని కొట్టేయిస్తే కంపెనీకి చిల్లిగవ్వ నష్టం లేదు. వాళ్ల రాబడి మన ఆరో గ్లాసులో, పూత గొలుసులో ఎప్పుడో లోపలికి చేరింది. కోత పడేది పక్క సర్దినవాడు ఇంటికి పంపే డబ్బులో.

ఓడ దిగిపోయాక ఈ బావలే, అక్కడ పనివాళ్లు ఎంత మర్యాదస్తులో వాట్సాప్ గ్రూపులో వర్ణిస్తారు. తువ్వాలు ఏనుగు ఫొటో పెడతారు. దానికి నలభై లైకులు. ఏనుగుని చేసినవాడికి సున్నా.

బాబూ, మీరు ఆ క్యూలో నిలబడకండి. వీలైతే గది సర్దిన మనిషి చేతిలో ఇంకో ఇరవై విడిగా పెట్టండి. కౌంటర్ దాకా పోవాలని మరీ కాలు దురదగా ఉంటే పోయి, మీ మనుషులకి పూర్తి జీతం మీరెందుకివ్వరని అడగండి.